7 సీజన్లు, ఒకే కేస్: ఎడిసన్ నుంచి పెన్సిల్వేనియా అడవికి రైఫిల్ తీసుకెళ్లడం

మేముండేది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో. వేటకి మాత్రం పెన్సిల్వేనియా వెళ్తాను. న్యూజెర్సీలో జింకల వేటకి సెంటర్‌ఫైర్ రైఫిల్ (తూటా అడుగున మధ్యలో కొడితే పేలే రకం) వాడనివ్వరు. అందుకని ఏటా థ్యాంక్స్‌గివింగ్ మర్నాడు తెల్లవారుజామునే బయల్దేరి, 287 హైవే మీదుగా వెళ్లి 80 ఎక్కి, డెలావేర్ వాటర్ గ్యాప్ దగ్గర నది దాటి పాటర్ కౌంటీ చేరతాను. శనివారం పొద్దున సీజన్ మొదలు. 2019కి ముందు అది సోమవారం ఉండేది. అది శనివారానికి మారిన ఏడాదే ఈ హార్డ్ కేస్, అంటే రైఫిల్ పెట్టుకునే గట్టి పెట్టె, కొన్నాను. అప్పట్నుంచి నా .308 సైజు బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ బోల్ట్ అనే కడ్డీని చేత్తో లాగి తెరిచే రకం) ఇందులోనే ప్రయాణం చేస్తోంది.

కంపెనీ పేరు చెప్పను. ఈ రకం కేసులు చాలామందే చేస్తున్నారు, నా అనుభవం దేనికైనా సరిపోతుంది. గట్టి ప్లాస్టిక్ పెట్టె, బయటి పొడవు 53 అంగుళాలు. ఒక చివర రెండు చక్రాలు, చుట్టూ ఆరు లాచ్‌లు, తాళాలకి నాలుగు రంధ్రాలు, మూత అంచు పొడవునా రబ్బరు సీల్. రైఫిల్ పెట్టాక ఒంటిచేత్తో ఎత్తితే భుజం లాగుతుంది. మా ఎస్‌యూవీలో వెనక సీటు ఒక పక్క మడిస్తే గానీ పట్టదు. చిన్న సెడాన్ ఉన్నవాళ్లు కొనేముందు టేపు పెట్టి కొలుచుకోండి.

అంతకుముందు మెత్తటి జిప్ సంచి వాడేవాణ్ణి. ఒకసారి దాని మీద స్నేహితుడి ట్రీస్టాండ్ (చెట్టుకి తగిలించి కూర్చునే ఇనప మంచె) పడింది. పైకి గీత కూడా కనబడలేదు. మర్నాడు 80 గజాల్లో నిలబడ్డ మగజింక మీద గురిపెట్టి కాలిస్తే తూటా తగల్లేదు. తర్వాత రేంజ్‌కి (కాల్పులు సాధన చేసే చోటికి) వెళ్లి 100 గజాల్లో కాగితం మీద చూస్తే బాగా ఎడమకి పోతోంది. తగలకపోవడమే నయం. కొంచెం అటూఇటూ అయ్యుంటే పొట్టలో తగిలి ఆ జీవం రాత్రంతా అల్లాడేది. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే మనసుకి కష్టంగా ఉంటుంది. ఈ కేస్ కొన్నాక మాత్రం ప్రయాణం వల్ల స్కోప్ జీరో (రైఫిల్ మీది దుర్బిణికి సరిచేసి పెట్టుకున్న గురి) చెదిరింది ఒక్కసారి కూడా లేదు. నేను దీనికి పెట్టిన డబ్బు ఆ ఒక్క కారణానికే గిట్టింది.

అయితే నేను హార్డ్ కేస్ కొన్నది స్కోప్ కోసం మాత్రమే కాదు, చట్టం కోసం కూడా. 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. తుపాకీ ఉంచుకునే హక్కున్న చోటు నుంచి అలాంటి మరో చోటికి రాష్ట్రాలు దాటి తీసుకెళ్లేవాళ్లకి రక్షణ ఇస్తుంది. షరతులు రెండు. తుపాకీలో తూటాలు ఉండకూడదు. తుపాకీ గానీ తూటాలు గానీ మనం కూర్చున్న చోటి నుంచి చేతికి అందకూడదు. ట్రంక్ విడిగా లేని బండైతే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్స్, కన్సోల్ పనికిరావు. మనవాళ్లలో చాలామందివి ఎస్‌యూవీలు, మినీవ్యాన్‌లే కదా. వాటిలో వెనక ఉన్నది విడి ట్రంక్ కాదు, సీటు మీంచి చెయ్యి చాపితే అందేస్తుంది. కాబట్టి తాళం వేసిన కేస్ మనకి తప్పనిసరి అనుకోండి. తూటాలు నేను వేరే ఇనప డబ్బాలో పెట్టి దానికీ తాళం వేస్తాను.

న్యూజెర్సీ చట్టం ఇంకా కచ్చితం. తూటాలు తీసేసి, మూసి బిగించిన కేస్‌లోనో, గట్టిగా కట్టిన ప్యాకేజీలోనో, తాళం వేసిన ట్రంక్‌లోనో పెట్టాలి. వేటకి వెళ్లేవాళ్లు లైసెన్స్ దగ్గర ఉంచుకుని నేరుగా వెళ్లాలి, నేరుగా రావాలి. దారిలో ఆగడం అవసరమైనంత మేరకే. గ్యాస్ కోసం ఆగుతాను, బాత్రూమ్ కోసం ఆగుతాను. బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడి 287 పక్కనే ఉన్నా రైఫిల్ బండిలో ఉన్నరోజు ఆగను. స్వామికి ఇంటి దగ్గర్నుంచే దణ్ణం పెట్టుకుంటాను.

ఒక శుక్రవారం రేంజ్ నుంచి తిరిగొస్తుంటే మా ఆవిడ ఫోన్ చేసింది. "ఏవండీ, చిన్నోడికి జ్వరంగా ఉందట, స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. దారిలోనే కదా, తీసుకొచ్చేయండి." స్కూల్ నాకు ఐదు నిమిషాల దూరం. అయినా వెళ్లలేదు. ఇంటికెళ్లి రైఫిల్ సేఫ్‌లో పెట్టి, మళ్లీ బయల్దేరి వెళ్లాను. ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యమైంది. వాడు నర్స్ గదిలో కుర్చీలో ముడుచుకుని పడుకుని ఉన్నాడు. ఫెడరల్ చట్టం స్కూల్‌కి 1000 అడుగుల లోపల కూడా తూటాల్లేకుండా తాళం పెట్టెలో ఉన్న తుపాకీకి మినహాయింపు ఇస్తుంది. కానీ రాతపూర్వక అనుమతి లేకుండా స్కూల్ ఆవరణలోకి తుపాకీ తీసుకురావడం న్యూజెర్సీలో నేరం. పార్కింగ్ కూడా ఆవరణే కదా. ఆ సాయంత్రం వాడి ఒళ్లు కాలిపోతుంటే నాకు బాధేసింది. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవాళ్లున్నారు. మనం వలస వచ్చినవాళ్లం. తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాణ్ణి కూడా దేశం నుంచి పంపించే వీలు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ల సంగతి ఇంకా సున్నితం. తుపాకీ గానీ, ఒక్క తూటా గానీ దగ్గర ఉంచుకోవడం వాళ్లకి ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. గడువు దాటిందా, మినహాయింపూ పోయినట్టే. నేను గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగాను. వీసా మీద ఉన్న తమ్ముళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు లాయర్‌ని అడగండి, తర్వాతే రైఫిల్ సంగతి.

నది దాటితే పెన్సిల్వేనియా లెక్క వేరు. అక్కడ తూటాలున్న రైఫిల్ బండిలో పెట్టడమే కాదు, బండికి ఆనించి నిలబెట్టడం కూడా తప్పే. చాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉండి, రైఫిల్‌కి తగిలించిన మ్యాగజైన్‌లో (తూటాలు నింపే డబ్బాలో) తూటాలున్నా లోడైనట్టే లెక్క. ఇది చాదస్తం కాదు. ఇన్నేళ్లలో నాకు భయం వేసిన సందర్భాలన్నీ బండి చుట్టూ పది అడుగుల లోపలే. చీకటి, చలి, గ్లవ్స్, ముందు పోవాలన్న తొందర. ఒకసారి నాతో వచ్చిన కుర్రాడు సాయంత్రం రైఫిల్‌ని నేరుగా నా కేస్‌లో పెట్టబోయాడు. "అన్నా, ఖాళీగానే ఉంది, నేను చూశా" అన్నాడు. "నువ్వు చూశావు, నేను చూడలేదు కదా" అన్నాను. బోల్ట్ వెనక్కి లాగితే పసుపుపచ్చ ఇత్తడి తూటా ఒకటి తళుక్కున బయటికొచ్చి మంచులో పడింది. ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. మధ్యాహ్నం తీశానని వాడు నిజంగానే అనుకున్నాడు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. బండికి దూరంగానే ఆగుతాను. గొట్టం నేల వైపు పెట్టి మ్యాగజైన్ తీస్తాను, బోల్ట్ తెరుస్తాను, కుడిచేతి గ్లవ్ తీసి చిటికెన వేలు చాంబర్‌లో పెట్టి తడుముతాను. చల్లటి ఇనుము గుండ్రంగా తగిలితే ఖాళీ. చీకట్లో కళ్లని నమ్మను. తర్వాత బోల్ట్ మొత్తం ఊడదీసి, ఫోమ్‌లో దానికోసం కోసిన గుంటలో పెడతాను. బోల్ట్ లేని రైఫిల్ పేలదు. దారిలో పోలీసు ఆపితే నా చేతులు స్టీరింగ్ మీదే ఉంటాయి, వెనక ఏముందో నోటితో చెప్తాను.

ఇక కేస్‌లో లోపాలు. అన్నిటికన్నా పెద్దది చెమ్మ. సీల్ ఎంత గట్టిదో, లోపలి తడిని కూడా అంత గట్టిగా పట్టి ఉంచుతుంది. రెండో సీజన్‌లో వానలో తడిసిన రైఫిల్ పైపైన తుడిచి పెట్టేశాను. ఇంటికొచ్చాక అలసిపోయి కేస్ తెరవలేదు. రెండ్రోజుల తర్వాత తీస్తే ఫోమ్ అరచేతికి చల్లగా, చెమ్మగా తగిలింది. గొట్టం కొసన, బోల్ట్ పిడి మీద తుప్పు పొర, కాఫీ పొడి చల్లినట్టు. నూనె, మెత్తటి తీగపీచుతో పోయింది గానీ మచ్చ ఇంకా ఉంది. ఇప్పుడు ఎంత రాత్రయినా ఇల్లు చేరగానే కేస్ తెరిచి, రైఫిల్ బయటికి తీసి, గది వెచ్చదనానికి పట్టిన నీటిచుక్కలు తుడిచాకే పడక. ఈ కేస్ కారులో తీసుకెళ్లడానికే, నిల్వకి కాదు.

నాలుగో ఏడు గడ్డకట్టే చలిలో ఒక లాచ్ విరిగింది. విడి లాచ్ తెప్పించి నేనే బిగించాను. నంబర్ తాళాలు గ్లవ్స్‌తో తిప్పలేక మానేశాను, నాలుగిటికీ ఒకే తాళంచెవి పట్టే సెట్ కొన్నాను. ఫోమ్ స్కోప్ కింద నొక్కుకుపోయింది, అది మాత్రం రెండు మూడేళ్లకోసారి మార్చుకోవాలి.

విమానంలో ఒక్కసారే తీసుకెళ్లాను, నెవార్క్ నుంచి కొలరాడోలోని డెన్వర్‌కి, ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి. కౌంటర్ దగ్గర చెప్పాలి, గట్టి కేస్‌కి తాళం ఉండాలి, చెవి మన దగ్గరే ఉండాలి, మూల పట్టి లాగినా చెయ్యి దూరకూడదు. నాలుగు తాళాలూ వేస్తే అదేం సమస్య కాదు. తిరుగు ప్రయాణంలో మాత్రం టెన్షన్ పడ్డాను. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియాకి నెవార్క్ మీదుగా వెళ్తున్న ఒకాయన కనెక్షన్ తప్పి, తుపాకీ ఉన్న సామాను తీసుకుని హోటల్లో రాత్రి ఉన్నాడు. పొద్దున కౌంటర్‌లో నిజం చెప్పగానే అరెస్టు చేశారు. ఆ రాత్రి తుపాకీ ఆయన చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు అంది. ఆ తీర్పు చదివినవాణ్ణి కాబట్టి, నేను దిగగానే కేస్ తీసుకుని నేరుగా ఇంటికొచ్చేశాను.

కొలరాడోలో ఇప్పుడింకో మార్పు వచ్చింది. 2025 జనవరి 1 నుంచి మనిషి లేని బండిలో తుపాకీ వదిలితే తాళం వేసిన పెట్టెలో, బయటికి కనబడకుండా, బండికీ తాళం వేసి ఉండాలి. ఈ కేస్ మీద దుప్పటి కప్పడం నాకెప్పుడో అలవాటు కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

ఈ ఏడు సీల్ రబ్బరు ఒక మూల గట్టిపడి పగిలింది. దానికి కొత్తది, లోపలికి కొత్త ఫోమ్ ఆర్డర్ పెట్టాను. థ్యాంక్స్‌గివింగ్ లోపు అవి వస్తే ఎనిమిదో సీజన్‌కి కూడా ఇదే పెట్టె.