మూడో జాయ్‌స్టిక్, మూడేళ్ల వాడకం

కంప్యూటర్ సిమ్యులేటర్‌లో గన్నవరం రన్‌వే 26 మీదకి దిగుతున్నాను. సెస్నా 172 అనే చిన్న విమానం, ఎడమ నుంచి ఓ మోస్తరు గాలి. నేల ఇంకా యాభై అడుగులు ఉందనగా విమానం ముక్కు తనంతట తానే కుడికి తిరిగింది. నేనేమీ తిప్పలేదు. సరిచేద్దామని ఎడమకి తిప్పితే ఇంకో కుదుపు. విమానం వెళ్లి రన్‌వే పక్కన గడ్డిలో ఆగింది. గాలి ఎక్కువ పెట్టానేమో అనుకుని గాలి మొత్తం ఆపేసి మళ్లీ ఎగిరాను. అప్పుడూ అదే తంతు.

విండోస్‌లో రన్ పెట్టె తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ అని కొడితే జాయ్‌స్టిక్‌ని పరీక్షించే చిన్న కిటికీ ఒకటి వస్తుంది. చెయ్యి పూర్తిగా తీసేసి చూశాను. ముందుకీ వెనక్కీ, పక్కలకీ చూపించే ప్లస్ గుర్తు కదలకుండా మధ్యలో ఉంది. కానీ ట్విస్ట్, అంటే పిడిని మెలితిప్పి విమానం ముక్కుని పక్కలకి తిప్పే కదలిక, దాన్ని చూపించే గీత మాత్రం జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. అప్పటికి ఆ స్టిక్ కొని పద్నాలుగు నెలలు. వారంటీ ఏడాది.

అది నా రెండో స్టిక్. మొదటిది 2020లో లాక్‌డౌన్ రోజుల్లో, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ కొత్తగా వచ్చినప్పుడు కొన్నాను. చవకది. దాని కథ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎనిమిది నెలలకి పిచ్ (ముక్కు పైకీ కిందికీ) కూడా రోల్ (రెక్కలు పక్కలకి వంచడం) కూడా పోయాయి. ఈ రెండింటి పేర్లూ చెప్పను. నాకొచ్చిన పీసే అలాంటిదేమో, అదే మోడల్ ఐదేళ్లుగా వాడుతున్నవాళ్లూ ఉంటారు. ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది అన్నదే పనికొచ్చే సంగతి.

పాత రేడియోల్లో వాల్యూమ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా? నా స్టిక్ వణుకూ ఆ గరగరే. చవక జాయ్‌స్టిక్‌ల్లో ఉండేదీ రేడియో వాల్యూమ్ కింద ఉండే పొటెన్షియోమీటరే. లోపల కార్బన్ పూసిన పట్టీ, దాని మీద రాసుకుంటూ తిరిగే చిన్న లోహపు నాలుక. రాసుకున్నకొద్దీ కార్బన్ అరుగుతుంది, ఆ పొడికి మన ఇళ్లలోని దుమ్ము తోడవుతుంది. మనం ఎక్కువసేపు స్టిక్‌ని మధ్యలోనే ఉంచుతాం కాబట్టి అరుగుడు కూడా మధ్యలోనే ఎక్కువ. సరిగ్గా కదలకుండా ఉండాల్సిన చోటే అది కదులుతుంది. రేడియోలో అది చెవికి చికాకు. ఇక్కడ విమానం గడ్డిలోకి.

దీనికి అందరూ చెప్పే మందు డెడ్‌జోన్, అంటే మధ్యలో కదిలినా సిమ్యులేటర్ పట్టించుకోని మేర, పెంచడం. నేనూ పెంచాను, ఐదు శాతం, పది, పదిహేను. వణుకు కనబడకుండా పోతుంది, దాంతోపాటు సున్నితత్వమూ పోతుంది. పదిహేను శాతం దగ్గర రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) తిప్పుతుంటే కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారిగా జరుగుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే మూడు వారాలు బాగుంది. రెండోసారి కొడితే వారం.

నన్ను మోసం చేసిన మాట ఒకటుంది, పెట్టె మీద రాసిన 'హాల్ సెన్సర్'. హాల్ సెన్సర్ మంచిదే. అయస్కాంతం కదిలితే సెన్సర్ దాన్ని దూరం నుంచే పసిగడుతుంది. రాపిడి లేదు కాబట్టి అరుగుడూ లేదు. నా రెండో స్టిక్‌లో పిచ్, రోల్ ఈ రోజుకీ కొత్తవాటిలా పనిచేస్తున్నాయి. కానీ మూడో అక్షం, అంటే ట్విస్ట్, మామూలు పొటెన్షియోమీటరే. పెట్టె మీద ఆ ముక్క ఎక్కడా లేదు. అబద్ధం చెప్పలేదు, నిజం సగమే చెప్పారు.

కొత్తది కొనే ముందు దాన్ని బాగుచేద్దామని విప్పాను. ట్విస్ట్ కింద ఉన్న పొటెన్షియోమీటర్ మీద బీ10కే అని ఉంది. పదివేల ఓముల నిరోధం, బీ అంటే తిప్పినంతకీ సమానంగా మారే రకం. గవర్నర్‌పేటలో విడిభాగాలు అమ్మే కొట్టుకి వెళ్లి పాతది చూపించాను.

"ఏంటండీ ఇది, స్టీరియోదా?"

"కాదండీ, కంప్యూటర్‌లో విమానం నడిపే స్టిక్‌ది."

ఆయన నన్ను ఓసారి కిందికీ మీదికీ చూసి ముప్పై రూపాయలకి ఒకటి ఇచ్చాడు. ఇంటికొచ్చి టంకం పెట్టాను. ఎడమకి తిప్పితే చీమంత కదలిక, కుడికి తిప్పితే ఒకటే పరుగు. దీపం కింద పెట్టి చూస్తే దాని మీద ఏ10కే అని ఉంది. 'ఏ' అక్షరం ఉన్న రకం సౌండ్ కోసం చేసింది, ఒక వైపు నిదానంగా, ఇంకో వైపు వేగంగా మారుతుంది. నేను చూసుకోకపోవడం నా తప్పే. మర్నాడు వెళ్లి బీ రకం తెచ్చి పెట్టాక మామూలుగా పనిచేసింది. ముప్పై రూపాయల పని. విప్పడం, మళ్లీ బిగించడం మాత్రం ఓ ఆదివారం మొత్తం తిన్నాయి. ఎందుకంటే బటన్ల తీగలన్నీ పిడి లోపలి నుంచి కిందికి వస్తాయి, ట్విస్ట్ తిప్పిన ప్రతిసారీ అవి మెలిపడతాయి. నేను విప్పేసరికి ఒక తీగ టంకం దగ్గర ఊడి, ఒక్క పోగు మీద వేలాడుతోంది.

ఈ రెండు స్టిక్‌లూ నేర్పినదాన్ని బట్టి మూడోది వెతికాను. బటన్లు ఎన్ని అని చూడలేదు. మూడు అక్షాలకీ రాపిడి లేని సెన్సర్లు ఉన్నాయా, స్ప్రింగ్ మార్చుకోవచ్చా, మరలతో విప్పగలిగేదేనా, ఇవే చూశాను. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎమ్ గురించి చాలామంది అడుగుతారు. దానిలో పిచ్, రోల్‌కి అయస్కాంత సెన్సర్లు, ఒక్కో అక్షానికి 16,384 మెట్లు, అంటే కదలికని అన్ని ముక్కలుగా గుర్తిస్తుంది. పిడి ముక్కలు మార్చి ఎడమ చేతికీ పెట్టుకోవచ్చు. ఎయిర్‌బస్ ఏ320 నడిపేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు, కెప్టెన్ సైడ్‌స్టిక్ ఎడమ చేతి వైపే ఉంటుంది. కుడి చేత్తో నడిపే మనమంతా నిజానికి ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్ సీట్లో కూర్చోవాలి. అయితే దానిలోనూ ట్విస్ట్ పొటెన్షియోమీటరే. అదే కంపెనీ వార్ట్‌హాగ్ స్టిక్ బరువైన లోహపుది, కానీ దానికి అసలు ట్విస్టే లేదు, రడ్డర్‌కి పెడల్స్ విడిగా కొనాలి. పెడల్స్ కొనే ఉద్దేశం ఉంటే ట్విస్ట్ గొడవ మొత్తం వదిలేయొచ్చు. నా టేబుల్ కింద అంత చోటు లేదు, ఉన్న చోటు ఇన్వర్టర్ బ్యాటరీది.

చివరికి వీకేబీ కంపెనీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీ ఈవో తీసుకున్నాను. డల్లాస్ నుంచి వస్తూ బావగారు తెచ్చారు. వెళ్లేటప్పుడు ఆవకాయ సీసాలు సర్దుకున్న సూట్‌కేసులోనే వచ్చింది. పెట్టె తెరిస్తే సన్నగా ఇంగువ వాసన. రెండో స్టిక్ ధరకి రెండింతలు దాటింది, ఇంట్లో ఆ అంకె ఇప్పటికీ చెప్పలేదు.

మూడేళ్లు దాటింది. వారానికి ఆరేడు గంటల లెక్కన వెయ్యి గంటలు అయి ఉంటాయి. నెలకోసారి చెయ్యి తీసేసి ఆ పరీక్ష కిటికీ చూస్తాను. మూడు గీతలూ కదలవు. డెడ్‌జోన్ ఇప్పటికీ సున్నా దగ్గరే ఉంది. దీనిలో ట్విస్ట్‌కి కూడా అయస్కాంత సెన్సరే, అక్షాలకి బాల్ బేరింగులు. మధ్యలో టక్‌మని పట్టుకున్నట్టు ఉండదు, వెన్నలో కదిలినట్టు వెళ్తుంది. ల్యాండింగ్‌లో ఫ్లేర్ చేసేటప్పుడు, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త ఎత్తేటప్పుడు, తేడా బాగా తెలుస్తుంది. పాత స్టిక్‌తో ముక్కు ఎత్తబోతే మధ్య నుంచి బయటపడేదాకా ఓ పట్టు, ఆ తర్వాత అవసరానికి మించి ఎత్తడం. ఇప్పుడు రెండు మిల్లీమీటర్లు లాగితే రెండు మిల్లీమీటర్ల పనే జరుగుతుంది.

క్లచ్ బిగించుకునే ఏర్పాటు కూడా ఉంది. హెలికాప్టర్ నడిపేటప్పుడు బిగిస్తే స్టిక్ వదిలినా గబుక్కున మధ్యకి రాదు. ఏడాది తర్వాత బేస్ విప్పి గట్టి స్ప్రింగ్ వేశాను. పని ఇరవై నిమిషాలే, పాత స్ప్రింగ్ ఎగిరి మంచం కిందికి దొర్లింది కాబట్టి ఇంకో ఇరవై. గట్టి స్ప్రింగ్‌తో బాగా లాగితే నా గాజు టేబుల్ మీద బేస్ లేచేది. అడుగున వెల్‌క్రో అంటించాక ఆ బాధ తీరింది. సెట్టింగుల సాఫ్ట్‌వేర్ ఓ సముద్రం, నేను ఒడ్డునే నిలబడి పాదాలు తడుపుకున్నాను. ఉన్నది ఉన్నట్టు వాడినా హాయిగానే ఉంది.

కోస్తాలో ఉండేవాళ్లకి ఇంకో మాట. పిడికి మెత్తటి రబ్బరు పూత ఉన్న స్టిక్‌ల జోలికి పోకండి. నా మొదటిదాని పూత రెండో వేసవికల్లా బంకలా జిగురుపట్టి, చేతికి నల్లగా అంటుకుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గంటసేపు తుడిస్తే కింద ప్లాస్టిక్ బయటపడింది. మామూలు గరుకు ప్లాస్టిక్ ఉన్నదే మేలు.

వాడనప్పుడు దాని మీద పాత తువ్వాలు కప్పుతాను. రెండో స్టిక్‌ని పారేయలేదు, ముప్పై రూపాయల పొటెన్షియోమీటర్‌తో మేనల్లుడి దగ్గరుంది. మొన్న ఫోన్ చేశాడు. "మావయ్యా, శంషాబాద్‌లో దిగుతుంటే కుడికి లాగుతోంది." గాలి సెట్టింగు సంగతి అడగలేదు, గీత వణుకుతోందేమో చూడమన్నాను.