గాజు నియానా, ఎల్‌ఈడీనా: వైల్డ్‌వుడ్ పాత మోటెల్ బోర్డుకు ఏది మేలు?

న్యూజెర్సీ దక్షిణ కొసన, వైల్డ్‌వుడ్ తీరంలో పాత మోటెల్ కొన్నవాళ్లూ కొనబోయేవాళ్లూ పదేపదే అడిగే ప్రశ్న ఇది: బోర్డు మీద నియాన్ (వాయువు నింపిన గాజు గొట్టాలు) సగం వెలగడం లేదు, మొత్తం పీకించి ఎల్‌ఈడీ వేయిస్తే పోదా? ఈమధ్య అక్కడ చిన్న మోటెళ్ల బేరాలు చూస్తున్న మన తెలుగువాళ్ల నుంచీ ఇదే మాట వస్తోంది. వద్దు, ముందు ఎందుకు ఆరిందో చూడండి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న గొట్టాలన్నీ వరసగా ఒకే తీగకు గుచ్చిన పూసల్లాంటివి. ఒక్క గొట్టం పగిలినా, ఒక్క అతుకు ఊడినా ఆ వరస మొత్తం చీకటే. సగం బోర్డు ఆరిపోవడమంటే చాలాసార్లు పోయింది ఒక్క అక్షరం, లేదా ఒక్క అతుకు.

ఆ ఊళ్లో బోర్డు ఎందుకింత ముఖ్యమో ఒక్క మాట. 1950, 60ల్లో కట్టిన, ఆనాటి పాప్ పాటల శైలి పేరుతో పిలిచే ఈ డూ వాప్ మోటెళ్లు లోపల మామూలు గదుల వరసలే, మధ్యలో ఈతకొలను. దేని ముఖం దానికి ఇచ్చింది బోర్డు, రెయిలింగు, రంగులు, ప్లాస్టిక్ తాటిచెట్లు. 2000 తర్వాత కాండోల (అమ్మకానికి కట్టే అపార్ట్‌మెంట్ల) జోరులో చాలా మోటెళ్లు నేలమట్టమయ్యాయి. 2006లో పాత కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ వీటిని ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది. కూల్చిన మోటెళ్ల బోర్డులు కొన్ని ఇప్పుడు డూ వాప్ మ్యూజియం ఆవరణలో నిలబడి వెలుగుతున్నాయి. కట్టడం పోయినా బోర్డు దాచుకున్నారంటే ఆ ఊరివాళ్లకు అదంటే ఏమిటో అర్థమవుతుంది.

ఎల్‌ఈడీ తరఫున మొదట వినిపించే వాదన కరెంటు బిల్లు. లెక్క వేద్దాం. 15,000 వోల్టుల, 30 మిల్లీ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు మీద ఎక్కువలో ఎక్కువ 450 వాట్లు అనుకోండి. ఓ మోస్తరు బోర్డుకు అలాంటివి మూడు. రాత్రికి 8 గంటల చొప్పున దాదాపు 11 యూనిట్లు. వైల్డ్‌వుడ్‌లో సీజన్ మే నుంచి అక్టోబరు దాకా, అంటే సుమారు 150 రాత్రులు: 1,600 యూనిట్ల పైన. యూనిట్ 20 సెంట్లు అనుకుంటే ఏడాదికి 325 డాలర్లు. ఎల్‌ఈడీకి అందులో మూడో వంతే పడుతుందనుకున్నా మిగిలేది రెండు వందల పైచిలుకు డాలర్లు. వేసవిలో ఒక గది ఒక రాత్రి అద్దెకు అటూఇటూ. దీని కోసం బోర్డు మార్చక్కర్లేదు.

అసలు తేల్చాల్సింది, ఉప్పుగాలిలో ఏది ఎలా చెడిపోతుందన్నది. విశాఖ బీచ్ రోడ్డులో ఇనుప గేటు ఎన్నాళ్లుంటుందో చూసినవాళ్లకు ఉప్పుగాలి సంగతి చెప్పక్కర్లేదు. గాజును మాత్రం ఉప్పు ఏమీ చేయలేదు. సరిగ్గా వాక్యూమ్ చేసి నింపిన ఎర్ర నియాన్ గొట్టం దెబ్బ తగలకపోతే దశాబ్దాలు వెలుగుతుంది. చెడేవి దాని చుట్టూ ఉన్నవి: ఎలక్ట్రోడ్ (గొట్టం కొసన కరెంటు ఎక్కే చోటు) దగ్గర తీగ అతుకు, దాని మీది రబ్బరు టోపీ, హై వోల్టేజి తీగ తొడుగు, ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్లు. గొట్టాన్ని పట్టి ఉంచే గాజు కాళ్ల మీద ఉప్పు పొర పేరుకుని, పొగమంచు రాత్రి అది తడిస్తే కరెంటు ఆ పొర మీదుగా బోర్డు రేకులోకి పాకుతుంది. చిటపటమనే చప్పుడు, నల్లటి చార, ఆ తర్వాత కాలిన తీగ. ఇవన్నీ విడివిడిగా మార్చగల భాగాలే. గొట్టమే పోతే ఆ ఒక్క అక్షరమే మళ్లీ చేయిస్తారు. గాజు అదే, వాయువు అదే కాబట్టి ఎర్ర అక్షరమైతే పక్క అక్షరాలతో కలిసిపోతుంది. నీలం, ఆకుపచ్చ వంటి రంగుల్లో ఆర్గాన్‌తో పాటు పాదరసం చుక్క, తరచూ గాజు లోపల పొడి పూత ఉంటాయి. అక్కడ పూత సరిగ్గా అదే దొరికేలా పాత ముక్క చూపించి చేయించాలి.

నియాన్ గొట్టంలా కనబడేలా చేసే ఎల్‌ఈడీ పట్టీ, అంటే ఎల్‌ఈడీ ఫ్లెక్స్, చెడే తీరు వేరు. దీన్ని సాధారణంగా 12 లేదా 24 వోల్టుల పట్టీ మీద సిలికాన్ తొడుగు వేసి చేస్తారు. నీరు చేరేది కోసిన చివర్ల నుంచి, తీగ లోపలికి వెళ్లే చోటు నుంచి. ఒక్కసారి ఉప్పునీరు లోపలికి వెళ్తే రాగి పచ్చబడి, చిన్న చిన్న ముక్కలు ఒక్కొక్కటే ఆరుతూ వస్తాయి. చవక రకం పీవీసీ తొడుగు ఎండకు పసుపెక్కి బిరుసవుతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు, అయిదేళ్ల తర్వాత అదే మోడల్, అదే రంగు దొరకదు. ఒక అక్షరం మారిస్తే ఆ ఒక్కటే కొత్తగా, వేరే తెలుపుతోనో వేరే ఎరుపుతోనో కనబడుతుంది. దాంతో అన్ని అక్షరాలూ మార్చాల్సి వస్తుంది. నా దృష్టిలో తీర్పు ఇక్కడే తేలిపోయింది: ముక్క ముక్కగా బాగు చేసుకోగలిగేదే సముద్రం ఒడ్డున నిలుస్తుంది.

వెలుగు సంగతి కూడా ఉంది. గాజు గొట్టం చుట్టూతా వెలుగుతుంది. వెనక్కి పడిన వెలుగు రంగు రేకు మీద పరుచుకుని అక్షరం చుట్టూ మెత్తటి అంచు తెస్తుంది. ఫ్లెక్స్ చాలా రకాల్లో ముందుకే వెలుగు చిమ్ముతుంది, వెనక రేకు చీకటిగానే ఉండిపోతుంది. పైగా చాలా రకాలు ఒక దిశలోనే వంగుతాయి. చేతిరాతలా మెలికలు తిరిగే పేర్లలో ఆ బిగువైన మలుపులు రావు. ఆనాటి రేకు, రంగు, గొట్టం మూడూ ఒకదానికొకటి లెక్క చూసుకుని చేసినవి.

గాజులో కష్టం లేదని కాదు. వంచేవాళ్లు తక్కువ, పని నిదానం. పాత గొట్టాలు విప్పేముందు బోర్డు మీద కాగితం పరిచి ప్రతి అక్షరాన్నీ అసలు సైజులో గీయించండి. ఎలక్ట్రోడ్ రంధ్రాలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించండి. గాజు వంచేది వెనకవైపు నుంచి కాబట్టి ఆ నమూనా అద్దంలో బొమ్మలా తిరగబడి ఉండాలి. ఒకే గొట్టంలో అక్షరానికీ అక్షరానికీ మధ్య వెలగకూడని చోట నల్ల పూత వేస్తారు. అది పెచ్చులూడితే మళ్లీ వేస్తే చాలు, కొత్త గొట్టం అక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంచేటప్పుడు గొట్టాల మొత్తం పొడవుకు ఎలక్ట్రోడ్ జతకు అడుగు చొప్పున కలిపి చూడాలి. లోడు ఎక్కువైతే మిణుకుమిణుకుమంటుంది. ఇనుప పైపులో వెళ్లే హై వోల్టేజి తీగ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదటి గొట్టం దాకా 20 అడుగులు మించకూడదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లలో కరెంటు దారి తప్పి రేకులోకి పారితే ఆపేసే రక్షణ తప్పనిసరి. వాన పడ్డాక అది మాటిమాటికీ ఆగిపోతుంటే ఆ రక్షణను తప్పించి తీగ కలపమనేవాళ్లుంటారు. ఒప్పుకోకండి, నిప్పంటుకునేది అలాగే. స్విచ్ ఆపి, తాళం వేసి, మంచినీళ్లతో గొట్టాలూ గాజు కాళ్లూ కడిగించి ఆరబెట్టి, రబ్బరు టోపీలు మార్పిస్తే చాలావరకు తగ్గుతుంది. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే.

ఏది వేసినా రేకు డబ్బా బాగుండాలి. అడుగున పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా నీరు కారే రంధ్రాలుంటాయి. రంగులేసేవాళ్లు వాటిని పూడ్చేస్తే లోపల నీరు నిలిచి డబ్బా అడుగు తినేస్తుంది. 1978కి ముందు రంగుల్లో సీసం ఉండవచ్చు, గీకించేముందు పరీక్ష చేయించండి. అల్యూమినియం రేకుకు స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే మధ్యలో నైలాన్ వాషర్ వేయాలి, లేకపోతే ఉప్పుతేమకు అల్యూమినియం పొడిపొడిగా రాలుతుంది. స్తంభం నేలను తాకే చోట లోపల తుప్పు తినేసిందేమో సుత్తితో తట్టి చూడండి.

పన్ను సంగతి చాలామంది పొరపడే చోటు. నేషనల్ రిజిస్టర్‌లో (చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో) ఉన్న కట్టడాలకు, అంటే వైల్డ్‌వుడ్ క్రెస్ట్‌లోని కారిబియన్ మోటెల్, నార్త్ వైల్డ్‌వుడ్‌లోని షాటో బ్లూ లాంటివాటికి, పునరుద్ధరణ ఖర్చు మీద 20 శాతం ఫెడరల్ పన్ను రాయితీ వర్తించవచ్చు. కానీ బోర్డు ఖర్చు ఆ లెక్కలోకి రాదు. అలాగని బోర్డును ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే మొత్తం ప్రాజెక్టు పరిశీలనలోనే ఇబ్బంది రావచ్చు. బాగు చేయగలిగినదాన్ని బాగు చేయాలి, మార్చక తప్పకపోతే రూపం, రంగు, వీలైతే పదార్థం కూడా పాతదానితో కలవాలన్నది ఆ పరిశీలనలో నియమం.

ఎల్‌ఈడీకి న్యాయమైన చోటు లేకపోలేదు. బాల్కనీ అంచుల వెంట నిడుపాటి గీతలకు, మెట్ల కింద, పిల్లల చేయి అందే చోట్ల అదే వేయండి. ఈతకొలను గోడకు దగ్గరగా ఏ బోర్డూ పెట్టకండి, ఆ పరిసరాల్లో హై వోల్టేజి గొట్టాల ఊసే వద్దు. వేసేటప్పుడు సిలికాన్ తొడుగు రకమే తీసుకోండి. చివర్లు మూసే జిగురు వెనిగర్ వాసన రానిదై ఉండాలి, ఆ వాసనొచ్చేది రాగిని తినేస్తుంది. పొడవాటి గీతలకు రెండు చివర్ల నుంచీ కరెంటు ఇవ్వండి, లేకపోతే దూరపు కొస మసకబారుతుంది.

లోపల లైటు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా బోర్డు చవక, త్వరగా అయిపోతుంది. దాని గురించి అంతకుమించి చెప్పడానికేం లేదు. గొట్టాలు తీసేసి రంగు మాత్రమే వేసి వదిలేయడం దానికంటే నయం, రేకులో రంధ్రాలు మూయకుండా ఉంచితే ఎప్పుడైనా గాజు మళ్లీ ఎక్కించవచ్చు.

మోటెల్ మూసే అక్టోబరులోనే గొట్టాలు దింపించి నమూనాలు పంపండి. డబ్బా పని చలికాలంలో, గాజు ఎక్కించడం ఏప్రిల్‌లో. ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కించాక గిరాకీ రాకముందే వారం పాటు రాత్రంతా వెలిగించి చూడండి, బలహీనమైన అతుకు ఆ వారంలోనే బయటపడుతుంది.