31 రాష్ట్రాల్లో 31 మారథాన్లు: ఎక్కడ దిగాం, ఎక్కడ మనసు నిండింది

రేసు ఊరికి బయల్దేరేటప్పుడు బూట్లు, వాచీ, పరిగెత్తే బట్టలు చేతిసంచిలో పెట్టుకుంటాను. చిన్న రైస్ కుక్కరు, సోనా మసూరి పొట్లం, మూత గట్టిగా బిగించిన నిమ్మకాయ పచ్చడి సీసా పెద్ద పెట్టెలోకి వెళ్తాయి. ఆ పెట్టె విమానంలో వెనకబడితే ఒక పూట బ్రెడ్డుతో సర్దుకోవచ్చు. కాలికి అలవాటు లేని కొత్త బూట్లతో మాత్రం 26.2 మైళ్ళు పరిగెత్తకూడదు.

మేం డాలస్ దగ్గర ఉంటాం. 2012 జనవరిలో హ్యూస్టన్‌లో నా మొదటి పూర్తి మారథాన్. దానికి ముందు రోజు అదే ఊళ్ళో ఒలింపిక్స్‌కి అమెరికా మారథాన్ జట్టుని ఎంపిక చేసే పోటీలు, అంటే ఒలింపిక్ ట్రయల్స్ జరిగాయి. వాటిలో గెలిచిన మెబ్ కెఫ్లెజిగి నా ముందు నుంచి పరిగెత్తుతూ వెళ్ళిపోవడం రోడ్డు పక్కన నిలబడి కళ్ళారా చూశాను. మర్నాడు నేను దాదాపు అయిదు గంటలకు ఫినిష్ లైను దాటాను. ప్రతి రాష్ట్రంలో ఒక మారథాన్ పరిగెత్తాలని తిరిగేవాళ్ళు ఉన్నారనీ, వాళ్ళకు ఫిఫ్టీ స్టేట్స్ మారథాన్ క్లబ్ అని ఒక సంఘం ఉందనీ, పది రాష్ట్రాలు పూర్తి చేస్తే అందులో చేరొచ్చనీ ఆ రోజు పక్కన పరిగెత్తిన పెద్దాయన చెప్పాడు. ఇంటికొచ్చి గోడ మీద మ్యాప్ అంటించాను. ఇప్పుడు దాని మీద 31 పిన్నులున్నాయి.

మనవాళ్ళు తరచూ అడిగేది హోటల్ గురించే కాబట్టి ముందు అది చెప్తాను. రేసు కోసం వెళ్ళినప్పుడు హోటల్‌కి ఎన్ని స్టార్లున్నాయో చూడొద్దు. రేసు ఒక చోట మొదలై ఇంకో చోట ముగిసేదైతే ఫినిష్ లైనుకి నడిచి వెళ్ళేంత దగ్గర్లో గది తీసుకోండి. పొద్దున్న రేసు మొదలయ్యే చోటికి బస్సులు రేసు వాళ్ళే వేస్తారు. ముగిశాక పిక్కలు పట్టేసి ఒక్కో మెట్టూ దిగడం కష్టమైనప్పుడు గది రెండు వీధుల అవతల ఉంటే ఎంత హాయో అనుభవిస్తే తెలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం దాకా గది ఉంచమని వారం ముందే ఫోన్ చేసి అడగాలి. యాప్‌లో అడిగితే చాలాసార్లు కుదరదు, మనిషితో మాట్లాడితే ఇస్తారు. గదిలో ఫ్రిజ్ ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి, పెరుగు పెట్టుకోవాలి. శనివారం రాత్రి నాకు పెరుగన్నం, పచ్చడి తప్ప ఇంకేదీ పడదు. అందరూ పాస్తా అంటారు గానీ, పుట్టినప్పటి నుంచి అలవాటైన తిండి కడుపుకి టెన్షన్ పెట్టదు.

హోటల్ వాళ్ళ మాట మీద పూర్తిగా ఆధారపడొద్దని ఒక కొండ రాష్ట్రంలో తెలిసొచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి వ్యాన్ పెట్టి బస్సుల దగ్గర దింపుతామని రాత్రి కౌంటర్‌లో గట్టిగా చెప్పారు. నాలుగింటికి కిందికొస్తే వ్యాన్ లేదు, డ్రైవర్ లేడు, కౌంటర్‌లో మనిషి కూడా లేడు. ఆఖరి బస్సు అయిదింటికి. మాలాంటివాళ్ళు ఇంకో ఆరుగురు ఆ చలిలో బయట నిలబడి ఉన్నారు. పార్కింగ్‌లో ట్రక్కులో సామాను సర్దుకుంటున్న ఒకాయన సంగతి అడిగి తెలుసుకుని, మా అందర్నీ రెండు ట్రిప్పుల్లో దింపాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. రెండేళ్ళ డబ్బూ కష్టమూ పెట్టి వచ్చినవాళ్ళకి ఇచ్చిన మాట అలా వదిలెయ్యడం చాలా తప్పు. అప్పట్నుంచి బస్సు ఎక్కే చోటికి నడిచి వెళ్ళగలిగితేనే ఆ గది తీసుకుంటున్నాను.

ఇప్పటిదాకా పరిగెత్తిన వాటిలో ఒక్కదానికే వెళ్ళమంటే ఓక్లహోమా సిటీకే వెళ్ళమంటాను. 1995 ఏప్రిల్ 19న అక్కడి ఫెడరల్ భవనం మీద జరిగిన బాంబు దాడిలో 168 మంది చనిపోయారు, వాళ్ళలో 19 మంది చిన్నపిల్లలు. ఏప్రిల్‌లో జరిగే ఈ మారథాన్‌ని 2001లో వాళ్ళ జ్ఞాపకంగానే మొదలుపెట్టారు. రేసు ముందు రోజు సాయంత్రం నేనూ మా ఆవిడా స్మారకానికి వెళ్ళాం. నీళ్ళ చెరువుకి రెండు వైపులా రెండు పెద్ద ద్వారాలు, ఒకదాని మీద 9:01, ఇంకోదాని మీద 9:03. మధ్యలో పేలుడు జరిగిన నిమిషం. పచ్చిక మీద వరసలుగా 168 కుర్చీలు, ఒక్కొక్క దాని మీద ఒక్కో పేరు. ఎవరు ఏ అంతస్తులో ఉన్నారో ఆ వరసలో వాళ్ళ కుర్చీ. పెద్ద కుర్చీల మధ్య చిన్నవి కనబడతాయి, బడిలో ఒకటో తరగతి గదిలో ఉండేంత. మా ఆవిడ వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టి ఏడో ఎనిమిదో దగ్గర ఆగిపోయింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మర్నాడు చీకట్లో వేల మంది గుమిగూడాం. రేసు మొదలయ్యే ముందు 168 సెకన్లు మౌనం పాటిస్తారు. మూడు నిమిషాల లోపే అయినా, వాచీలు ఆన్ చేసుకుంటూ కాళ్ళు ఆడిస్తూ ఉండే అంత జనం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతే ఆ సమయం ఎంత పొడుగో అర్థమవుతుంది. దారిలో చనిపోయినవాళ్ళ పేర్ల జెండాలు కట్టారు. పరిగెత్తుతూ చదువుకుంటూ పోయాను. ఊరి జనం ఇళ్ళ ముందు కుర్చీలేసుకుని నారింజ తొనలు, ఐసు ముక్కలు, అరటిపళ్ళు చేతికందించారు. గొరిల్లా హిల్ అనే ఎత్తు మీద పేటవాళ్ళంతా గొరిల్లా వేషాల్లో సంబరం చేశారు. దుఃఖమూ సంబరమూ ఒకే రోడ్డు మీద అలా కలిసి ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. ఏప్రిల్ గాలి మాత్రం ఎదురుగా గట్టిగా కొడుతుంది, దానికి సిద్ధపడి వెళ్ళండి.

మిన్నెసోటాలో డులూత్‌లో జరిగే గ్రాండ్మాస్ మారథాన్ తర్వాతి స్థానం. 1977లో సుమారు 150 మందితో మొదలైంది. అప్పుడు డబ్బు పెట్టిన రెస్టారెంటు పేరే దానికి పెట్టారు. జూన్‌లో ఒక శనివారం టూ హార్బర్స్ నుంచి లేక్ సుపీరియర్ ఒడ్డునే పరిగెత్తుకుంటూ డులూత్‌కి వస్తారు. ఎడమ వైపు అంతా నీళ్ళే, అవతలి ఒడ్డు కనబడదు. సరస్సు అంటే నమ్మడం కష్టం, నాకు భీమిలి రోడ్డు గుర్తొచ్చింది. గాలి మాత్రం జూన్‌లో కూడా చల్లగా ఉంటుంది. 22వ మైలు దగ్గర లెమన్ డ్రాప్ హిల్ అనే ఎత్తుంది. కొండ పెద్దదేం కాదు గానీ అప్పటికి కాళ్ళలో సత్తువ ఉండదు. ఇక్కడి చిక్కు బసతోనే. ఊరు చిన్నది, జనం ఎక్కువ. హోటళ్ళు రెండు మూడు రాత్రులకు తక్కువైతే గది ఇవ్వవు, రేట్లు ఎంట్రీ ఫీజుని దాటిపోతాయి. మేం యూనివర్సిటీ హాస్టల్ గది తీసుకున్నాం. ఇరుకు మంచాలు, ఉమ్మడి బాత్రూము, అయినా శుభ్రంగా ఉంది. పక్క గదుల్లో అందరూ రన్నర్లే కావడంతో రాత్రి తొమ్మిదికల్లా దీపాలన్నీ ఆరిపోయాయి. అంత నిద్ర నాకు పెద్ద హోటళ్ళలో పట్టలేదు.

పిట్స్‌బర్గ్‌ని మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తాను. మే మొదటి ఆదివారం రేసు. నదులు మూడు, వంతెనల మీంచి అటూ ఇటూ దాటిస్తారు, పన్నెండో మైలు దాకా బాగానే ఉంటుంది. ఆ తర్వాత ఓక్లండ్ అనే పేట వైపు ఎక్కే ఎత్తు మోకాళ్ళకి పరీక్ష. కానీ ముగిశాక స్నానం చేసి పెన్ హిల్స్‌లో కొండ మీదున్న వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళండి. 1976లో కట్టిన గుడి, అమెరికాలో మనవాళ్ళ పాత గుళ్ళలో ఒకటి. మెట్ల దగ్గర నేను రెయిలింగ్ పట్టుకుని ఎక్కుతుంటే, మాస్టర్స్ చదవడానికి వచ్చిన గుంటూరు కుర్రాడు మెడలో మెడల్ చూసి, “అంకుల్, మీరు కూర్చోండి, నేను తెస్తా” అని కింద క్యాంటీన్ నుంచి పులిహోర, పెరుగన్నం తెచ్చిపెట్టాడు. చింతపండు పులుపు, ఇంగువ వాసన, పంటి కింద పల్లీలు. ఉప్పంతా చెమటగా పోయిన ఒంటికి ఆ పులిహోరకి మించింది లేదు.

వర్జీనియా కోసం మెరీన్ కోర్ మారథాన్ చేశాను. వాషింగ్టన్ చుట్టూ తిప్పి వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ముగిస్తారు. అమెరికా సైన్యంలోని కుర్రవయసు మెరీన్లు సెల్యూట్ చేసి మెడలో మెడల్ వేస్తారు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళు ఒక వంతెనని నిర్ణీత సమయంలోగా చేరాలి, అది ముందే లెక్క వేసుకోండి. న్యూయార్క్ ఒక్కసారి తప్పకుండా చూడాల్సిందే, వెర్రజానో వంతెన మీంచి నగరం కనబడిన క్షణం మర్చిపోలేం. కానీ రేసు మొదలయ్యే స్టాటెన్ ఐలండ్‌లో చలిలో గంటల తరబడి కూర్చోవాలి, లాటరీలో సీటు రావాలి, ఖర్చు విపరీతం. పారేయడానికి సిద్ధమైన పాత స్వెటర్ తీసుకెళ్ళండి.

ఈశాన్యంలో చిన్న రాష్ట్రాల కోసం మెయిన్లీ మారథాన్స్ వాళ్ళు రోజుకో రాష్ట్రంలో పెట్టే వరస రేసులకి వెళ్ళాను. నాలుగు రోజుల్లో నాలుగు రాష్ట్రాలు. ఏదో పార్కులో చిన్న చుట్టు, దాన్నే మళ్ళీ మళ్ళీ తిరగాలి. చప్పట్లు కొట్టే జనం ఉండరు. ఆ బదులు ప్రతి చుట్టుకీ ఒకే బల్ల దగ్గర ఉడికించిన బంగాళాదుంపలు, సూపు, పుచ్చకాయ ముక్కలు. మూడో చుట్టుకల్లా వాలంటీరమ్మకి నా పేరు, నేను మాంసం తిననని కూడా గుర్తుంది. టైమ్ కోసం పరిగెత్తేవాళ్ళకి ఇవి నచ్చవు. నాకు మాత్రం ఆ నాలుగు రోజుల్లో అయినంతమంది స్నేహితులు న్యూయార్క్‌లో యాభై వేల మంది మధ్య కాలేదు.

హవాయి ఆఖరికి ఉంచుకున్నాను. డిసెంబరులో హొనొలులు మారథాన్ తెల్లవారుజామున అయిదింటికి బాణసంచాతో మొదలవుతుంది, కట్‌ఆఫ్ టైమ్ అంటూ లేదు, ఎంతసేపైనా నడిచి ముగించొచ్చు. ఇన్నేళ్ళూ ఫినిష్ లైను దగ్గర తువ్వాలు, మజ్జిగ సీసా పట్టుకుని నిలబడిన మా ఆవిడ, “అది మాత్రం నేనూ నడుస్తాను” అంది. సంక్రాంతి నుంచి రోజూ సాయంత్రం ఇంటి దగ్గర చెరువు చుట్టూ నడక మొదలుపెట్టింది. నిన్న ఆరు మైళ్ళు నడిచింది. ఆ తర్వాత షాపుకెళ్ళి బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కుంది, దూరం నడిస్తే పాదాలు ఉబ్బుతాయని నేను చెప్పకముందే.