ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మా ఊరి లెక్కలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

"పంచాయతీలో డబ్బులెక్కడున్నాయండీ?" చిన్నప్పటి నుంచీ మా ఊళ్లో ఏ పని అడిగినా వచ్చే జవాబిదే. ఉన్నాయో లేవో ఇప్పుడు ఫోన్లోనే చూసుకోవచ్చు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టిన ఈ-గ్రామ్‌స్వరాజ్ సైటును నాలుగేళ్లుగా వాడుతున్నాను. లెక్కలు చూడ్డానికి లాగిన్ అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, మండలం మీదుగా ఊరి పేరు దాకా వెళ్తే ఆర్థిక సంఘం సిఫారసుతో కేంద్రం పంచాయతీలకిచ్చే నిధుల ఖర్చు ఓచర్లతో సహా కనిపిస్తుంది.

మొదట్లో తెగ సంబరపడ్డాను. చిక్కు తర్వాత తెలిసింది. ఓచర్లో "సైడు కాలువ పూడికతీత" అని ఉంటుంది, ఏ వీధిదో ఉండదు. ఒకసారి ఒకే నెలలో అలాంటివి రెండు కనిపించాయి. ఒకే పనికి రెండు బిల్లులు పెట్టి దొరికిపోయారు అనుకున్నాను! ఆఫీసులో అడిగితే "మీకెందుకండీ ఇవన్నీ?" అన్నారు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. గ్రామస్థాయిలో దానికి ఫీజు కూడా లేదు. నెల తిరిగేసరికి ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు చేతికొచ్చింది. రెండూ వేరే వేరే వీధులు. నేను ఎప్పుడూ అటు వెళ్లని కాలనీలో నిజంగానే కాలువ తీశారు. కాస్త సిగ్గేసింది. అయినా ఆ వీధి పేరేదో ఓచర్లోనే రాసి ఉంటే నాకీ టెన్షన్, వాళ్లకా జిరాక్సుల పని తప్పేవి కదా.

నాకు బాగా ఉపయోగపడింది ఇంకొకటి. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం ఊళ్లకిచ్చే నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగతా 40 శాతాన్ని కూడా జీతాలకు వాడకూడదు. ఇది తెలిశాక గ్రామసభలో ఏది ఏ పద్దులో అడగాలో అర్థమైంది.

లోటు ఏమిటంటే, మేం కట్టే ఇంటి పన్ను ఎటు పోయిందో మా ఊరి పేజీలో నాకింతవరకూ దొరకలేదు. మా సొంత డబ్బు లెక్కే కనపడకపోతే ఎలా? సైటు ఒక్కోసారి మొరాయిస్తుంది, అది పెద్ద విషయం కాదు. ఐదుకి మూడు మార్కులు వేస్తాను.

ఇప్పుడు సాయంత్రం రచ్చబండ దగ్గరకెళ్తే మా బాబాయి వదలడు. "ఒరేయ్, ఆ బోరు మోటారు రిపేరు ఈ ఏడు ఎన్నిసార్లు పడిందో చూడు" అంటాడు. నిన్నటికి నాలుగు.