మొదటి డ్రెస్సాజ్ పోటీకి ఏ గుర్రం మేలు: రేసు మానేసినదా, పని తెలిసిన ముసలిదా?

హైదరాబాద్‌లో గుర్రపు స్వారీ నేర్చుకునేవాళ్ళకి రెండో ఏడాదికల్లా ఒక జబ్బు పట్టుకుంటుంది: సొంత గుర్రం కావాలి. మలక్‌పేటలో రేస్‌కోర్సు ఉంది కాబట్టి మందు కూడా దగ్గర్లోనే దొరుకుతుంది. గెలవడం మానేసిన నాలుగైదేళ్ళ థరోబ్రెడ్‌ని, అంటే రేసు జాతి గుర్రాన్ని, యజమాని ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని చూస్తుంటాడు. ఒక్కోసారి మంచి మోటార్‌సైకిల్ కంటే తక్కువకే వచ్చేస్తుంది. నిగనిగలాడే ఒళ్ళు, సన్నని కాళ్ళు, పెద్ద పెద్ద కళ్ళు. చూశాక వద్దనడం కష్టం.

అదే లాయంలో చివరి గదిలో పదిహేడేళ్ళ వార్మ్‌బ్లడ్, అంటే ఇలాంటి స్వారీ పోటీల కోసం పెంచే జాతి గుర్రం, ఒకటి ఉంటుంది. నడుం కొంచెం దిగిపోయి, కళ్ళ మీద గుంటలు పడి, ఎవరొచ్చినా గడ్డిలోంచి తలెత్తదు. ఎప్పుడో యూరప్ నుంచి తెప్పించినది. కొనక్కర్లేదు, నెలకింత అని లీజుకిస్తారు. పోటీ ఐదు నెలల్లో ఉంది. ఏది తీసుకోవాలి?

నేను మొదటిదే తీసుకున్నాను. పేరు తుఫాను. ఆ పేరు వినైనా ఆలోచించాల్సింది.

డ్రెస్సాజ్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవున్న బరి, చిన్న స్థాయుల్లో అయితే 40 మీటర్లే. చుట్టూ అక్షరాలు. ఏ అక్షరం దగ్గర ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది: నడక, ట్రాట్ అనే చిన్న పరుగు, కాంటర్ అనే నెమ్మది దౌడు, వృత్తం, ఆగడం. ఆ వరసనే టెస్టు అంటారు. ఒక్కో అంశానికి సున్నా నుంచి పది మార్కులు, చివర్లో శాతం. వేగానికి ఇక్కడ విలువ లేదు. గుర్రం బెదరకుండా, తిన్నగా, ఒకే లయలో, రౌతు ఏం అడిగాడో ఎవరికీ కనబడకుండా చేయాలి. అంటే రేసులో నేర్చుకున్న దానికి దాదాపు తలకిందులు.

తుఫాను మొండిది కాదు. నేర్చుకున్నది బాగా నేర్చుకుంది, చిక్కల్లా అక్కడే. రేసులో జాకీ పగ్గాలు బిగించి పట్టుకుంటే దాన్ని ఆసరాగా చేసుకుని ముందుకు తోసుకుపోవాలి. అందుకే నేను భయపడి పగ్గాలు లాగినప్పుడల్లా అది ఇంకా వేగం పెంచేది. జాకీ రికాబులు పొట్టిగా పెట్టుకుని పైన కూర్చుంటాడు, అతని కాళ్ళు గుర్రం డొక్కకు చుట్టుకోవు. నా పొడవాటి కాళ్ళు మొదటిసారి డొక్కలకి ఆనగానే తుఫాను ఒళ్ళంతా జలదరించింది, వీపు మీద పాము పాకినట్టు. ఎక్కడం దగ్గర కూడా ఇదే తంతు. రేసు గుర్రం నడుస్తుండగానే జాకీని మోకాలు పట్టి పైకి ఎగరేస్తారు. నేను స్టూలు మీంచి నింపాదిగా ఎక్కుతుంటే అది నిలబడేది కాదు. మా సైస్, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషి, చేత్తో ఓట్స్ గింజలు పట్టుకుని ఎదురుగా నిలబడితే, అది కదలకుండా నన్ను ఎక్కనివ్వడానికి మూడు వారాలు పట్టింది. నాడాలు కూడా మార్చాలి, రేసుకి వేసే తేలికపాటి అల్యూమినియంవి తీసేసి ఇనుపవి. గింజ దాణా తగ్గించి గడ్డి పెంచాలి. రేసు గుర్రాల్లో చాలావాటికి కడుపులో పుండ్లు ఉంటాయి. జీను బిగించేటప్పుడు పళ్ళు చూపిస్తే పొగరనుకుని కొట్టకండి, ముందు డాక్టర్‌కి చూపించండి.

నాలుగు నెలలకి తుఫాను మా మైదానంలో చక్కగా ట్రాట్ చేయడం మొదలుపెట్టింది. నేను పొంగిపోయాను. టెస్టు మొత్తం రోజూ రెండుసార్లు చేయించి, పోటీకి సిద్ధమైపోయామనుకున్నాను.

పోటీ రోజు లారీ దిగగానే మైకు వినిపించింది. జనం. వేరే గుర్రాల సకిలింపులు. తుఫాను లెక్కలో అది రేసు రోజు, ఇంకేమీ కాదు. పది నిమిషాల్లో మెడంతా చెమట నురగ. రేసు గుర్రం సాధనలోనైనా, పందెంలోనైనా పక్కన తోటి గుర్రాలతో పరిగెత్తుతుంది. డ్రెస్సాజ్ బరిలో మాత్రం ఒంటరిగా నిలబడాలి. జడ్జి గంట కొట్టారు. లోపలికి వెళ్ళాం, మధ్యలో ఆగలేదు, నేను పగ్గాలు బిగించాను. అంతే. మోకాలి ఎత్తు కూడా లేని తెల్ల కంచె మీంచి జడ్జి గారి బల్ల పక్కగా దూకి బయటికొచ్చేశాం. నాలుగు కాళ్ళూ బరి బయట పడితే ఎలిమినేషన్. ఒక్క మార్కు పడకుండానే ఇంటికి.

తప్పు దానిది కాదు. దానికి పని కొత్త, నాకూ కొత్త. స్వారీలో ఇద్దరిలో ఒకరికైనా పని తెలిసుండాలి.

ఆ తర్వాత చివరి గదిలో ఉన్న నవాబుని లీజుకి తీసుకున్నాను. ఇక హాయి అనుకున్నాను. మొదటి రోజే పరువు పోయింది. కాంటర్ అడిగితే వాడు పక్కకి నడిచాడు. మళ్ళీ అడిగితే మళ్ళీ పక్కకే. కోచ్ నవ్వి, "నీ ఎడమ కాలు ఏం చెబుతోందో వాడు అదే చేస్తున్నాడు" అన్నారు. పని తెలిసిన గుర్రంతో ఉన్న ఇబ్బంది ఇదే. నోటితో చెప్పేది వినడు, ఒంటితో చెప్పేది వింటాడు. తర్వాత ఒక పోటీలో కౌంటర్ కాంటర్‌లో, అంటే వంపుకి ఎదురు కాలితో కాంటర్ చేస్తూ వెళ్ళేటప్పుడు, నా నడుం ఒక అంగుళం జరిగింది. నవాబు గాల్లోనే కాళ్ళు మార్చేశాడు. అది పై స్థాయిలో చేసే గొప్ప విన్యాసం. ఆ టెస్టులో మాత్రం తప్పు, మార్కులు పోయాయి.

అయినా నేను నేర్చుకున్నది వాడి దగ్గరే. తుఫాను మీద ఏదైనా చెడితే తప్పు నాదో దానిదో తేలేది కాదు. నవాబు మీద ఆ అనుమానం లేదు, ఎప్పుడూ నాదే.

పోటీకి తయారు చేయడం కూడా రెండింటికీ ఒకేలా ఉండదు. నవాబుకి టెస్టు కంఠస్థం అయిపోతుంది. మధ్య గీత మీదికి తిరగ్గానే, అడగకుండానే ఆగి సెల్యూట్ కోసం ఎదురుచూస్తాడు. అందుకే చివరి రెండు వారాల్లో టెస్టు మొత్తం రెండుసార్లే చేశాను, మిగతా రోజులు ముక్కలు ముక్కలుగా, వరస మార్చి. వాడి కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి ముందు ఇరవై నిమిషాలు వదులు పగ్గాలతో ఉత్త నడకే. నొప్పి మాత్రల సంగతి గుర్తుపెట్టుకోండి. ముసలి గుర్రాలకి ఇచ్చే ఫినైల్‌బ్యూటజోన్ అంతర్జాతీయ నియమాల ప్రకారం పోటీలో ఒంట్లో ఉండకూడదు. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టర్‌ని అడగాలి. ఆపాక గుర్రం కుంటితే దాన్ని పోటీకి తీసుకెళ్ళకూడదు, ఇందులో వాదనే లేదు. తుఫానుకి మాత్రం టెస్టు ప్రాక్టీస్ కంటే చోటు మార్చే ప్రాక్టీస్ కావాలి. లారీ ఎక్కించి కొత్త మైదానానికి తీసుకెళ్ళి, కాసేపు నడిపించి, గడ్డి పెట్టి, ఏమీ అడగకుండా తిరిగి తీసుకురావాలి. అలా అరడజను సార్లు తిప్పాక గానీ ఎంట్రీ ఫీజు కట్టకూడదు. మొదటిసారి నేను ఆ ఒక్క పనే చేయలేదు.

డబ్బు విషయానికొస్తే, గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ ఉండదంటారు కదా. చవకగా వచ్చింది కదా అని తుఫాను గడ్డి తక్కువ తినలేదు, సైస్ జీతం తగ్గలేదు, నాడాల వాడు రాయితీ ఇవ్వలేదు. పైగా రెండేళ్ళ శిక్షణ ఫీజు. లీజు గుర్రానికి నెలనెలా పోయేది ఎక్కువగా కనబడుతుంది గానీ, ఏడాదయ్యాక లెక్క వేస్తే నాకు పెద్ద తేడా కనబడలేదు.

పెద్ద స్థాయిలోనూ పని తెలిసిన గుర్రం విలువ తెలుస్తుంది. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 2023 సెప్టెంబర్‌లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా కలిసి, మెరుగైన ముగ్గురి శాతాలు కూడితే వచ్చిన 209.205 స్కోరుతో డ్రెస్సాజ్ టీమ్ స్వర్ణం తెచ్చారు. గుర్రపు పోటీల్లో మనకి 1982 తర్వాత అదే మొదటి స్వర్ణం. వాళ్ళు యూరప్‌లో ఉండి, అక్కడ తయారైన గుర్రాల మీదే సాధన చేశారు. అనుష్ 2017లోనే జర్మనీ వెళ్ళిపోయాడు. ఈట్రో అనే గుర్రం మీద హాంగ్‌జౌలో వ్యక్తిగత కాంస్యం గెలిచి, పారిస్ ఒలింపిక్స్‌కి మాత్రం సర్ కారమెల్లోని తీసుకెళ్ళాడు. ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో దిగిన మొదటి భారతీయుడు అతనే, స్కోరు 66.444 శాతం. ఒలింపిక్స్‌లో ఉండే ఆ గ్రాండ్ ప్రీ అనే పై స్థాయికి గుర్రానికి కనీసం ఎనిమిదేళ్ళు నిండాలి. చాలావాటికి ఇంకా ఆలస్యమవుతుంది. గుర్రాన్ని తయారు చేయడం అంటే ఎంత కాలమో దీన్నిబట్టి చూసుకోవచ్చు.

మన రాజస్థాన్ జాతి మార్వారీ గుర్రం ఎందుకు వద్దని అడుగుతారు కొందరు. చెవులు లోపలికి వంగి, చూడముచ్చటగా ఉంటుంది. కింది స్థాయి టెస్టులకి మంచి కోచ్ ఉంటే ఎందుకు పనికిరాదు? కానీ నేను దగ్గరుండి చూసింది లేదు, సలహా ఇవ్వను.

పోటీ ఏడాదిలోపే ఉండి, మీరు కొత్తవాళ్ళైతే ముసలిదాన్నే తీసుకోండి. మరో మాట లేదు. మీకు ఇదివరకే పోటీల అనుభవం ఉండి, రెండేళ్ళు ఓపిక పట్టగలిగితే రేసు గుర్రం మంచి బేరమే. కొనేముందు ముందుకాళ్ళ వెనక ఉండే స్నాయువుని (టెండన్) వేళ్ళతో పై నుంచి కిందికి తడిమి చూడండి. వేడిగా గానీ, ఉబ్బుగా గానీ తగిలితే ఎంత అందంగా ఉన్నా ఇంటికి తేవద్దు.

ఈసారి పోటీకి రెండింటినీ ఒకే లారీలో తీసుకెళ్తున్నాం. బరిలోకి దిగేది నవాబు. తుఫాను గంట వినబడేంత దూరంలో సైస్ పక్కన నిలబడి గడ్డి తింటుంది. ఎంట్రీ ఫారంలో దాని పేరు లేదు.