సెనెట్ ఆమోదమా, అధ్యక్షుడి సంతకమా?

అమెరికా అధ్యక్షుడు మరో దేశానికి మాట ఇవ్వడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ట్రీటీ: అమెరికా పార్లమెంటు ఎగువ సభ అయిన సెనెట్‌లో హాజరైన సభ్యుల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. వందమందీ వస్తే 67. ఇక్కడే చాలా ఒప్పందాలు చిక్కుకుంటాయి. 1920 మార్చి 19న మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి శాంతి ఒప్పందమైన వెర్సాయ్ ఒప్పందానికి అనుకూలంగా 49, వ్యతిరేకంగా 35 ఓట్లు పడ్డాయి. మెజారిటీ ఉన్నా 7 ఓట్లు తగ్గి వీగిపోయింది.

రెండోది కార్యనిర్వాహక ఒప్పందం, అంటే అధ్యక్షుడి సంతకంతోనే చేసేది. సెనెట్ గడప తొక్కక్కర్లేదు, పని త్వరగా అవుతుంది. కానీ ఊడటమూ అంతే సులువు. పారిస్ వాతావరణ ఒప్పందాన్నే చూడండి: 2016లో ఒబామా చేర్చారు, 2020 నవంబరులో ట్రంప్ హయాంలో బయటికొచ్చింది, 2021లో బైడెన్ మళ్లీ చేర్చారు, 2025 జనవరి 20న ట్రంప్ మళ్లీ వైదొలగమన్నారు. అవతలి దేశాలు దేన్ని నమ్మి ప్రణాళిక వేసుకోవాలి?

ట్రీటీ అయితే భద్రమా అంటే, పూర్తిగా కాదు. తైవాన్ రక్షణ ఒప్పందాన్ని నాటి అధ్యక్షుడు కార్టర్ సెనెట్‌ను అడగకుండానే రద్దు చేశారు; దానిపై వేసిన కేసును 1979లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చకుండానే కొట్టేసింది. అందుకే సైనిక కూటమి నాటో విషయంలో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) 2023లో చట్టం చేసి, అధ్యక్షుడు ఒంటరిగా వైదొలగకుండా అడ్డుకట్ట వేసింది.

మధ్యేమార్గం కూడా ఉంది. భారత్‌తో 2008 అణు ఒప్పందాన్ని అమెరికా ఉభయ సభలూ మామూలు చట్టంగా ఆమోదించాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అమెరికా రియాక్టర్ల ప్రతిపాదనకు దారి తీసింది అదే. దీర్ఘకాలిక ఒప్పందాలకు నా ఓటు దీనికే.