రాతి తొండల కోసం కొన్న చిన్న బైనాక్యులర్

రెండు ఎండాకాలాలు వాడాక రాస్తున్నాను. నాది 6.5×21 బైనాక్యులర్ (ఆరున్నర రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు లెన్సు వెడల్పు 21 మిల్లీమీటర్లు), పదకొండు వేలయింది. బరువు 300 గ్రాముల లోపే, రెండు గంటలు మెడలో వేలాడినా తెలియదు. షాపులో 8×42 తీసుకోమన్నారు. పక్షులకైతే అదే సరి. నేను చూసేది తొండల్ని.

దీని గొప్పంతా దగ్గర ఫోకస్‌లో ఉంది. అర మీటరు దూరంలోవి కూడా స్పష్టంగా చూపిస్తుంది. మామూలు వాటిలో రెండు మూడు మీటర్లకు ఇవతల ఉన్నదంతా మసకే. మా పెరట్లో కరివేపాకు చెట్టు కింద ఆడ తొండ గుడ్లు పెడుతుంటే మెట్టు మీద కూర్చుని చూశాను. గుంట పూడ్చి, మట్టిని మూతితో అదిమి అదిమి గట్టి చేసింది. పెదవి పొలుసులకు అంటిన తడి మట్టి కూడా కనబడింది.

మదనపల్లె గుట్టల మీది రాతి తొండలు అంత దగ్గరికి రానివ్వవు. పది పదిహేను మీటర్ల నుంచి చూడాలి, దానికీ ఇది చాలు. జతకట్టే కాలంలో మగది ఎత్తైన బండెక్కి కూర్చుంటుంది. ఆడది దగ్గరికొస్తే వీపు ఎర్రబడి పక్కలు నల్లబడతాయి. ఇంకో మగది ఎదురైతే వీపు పసుపు, పక్కలు నారింజ. మన కళ్ల ముందే మారిపోతుంది!

కళ్లజోడుతో చూస్తే అంచులు కాస్త తెగుతాయి. వానలో బయటికి తీయకూడదు. లెన్సు చిన్నది కాబట్టి మునిమాపువేళ సరిగా కనబడదు, కానీ తొండలు తిరిగేది ఎండలోనే కదా, నాకు లోటనిపించలేదు. పురుగులు, సీతాకోకచిలుకలు, తొండలు చూసేవాళ్లు నిస్సందేహంగా కొనుక్కోవచ్చు.

ఒక్కటి మాత్రం ఏ బైనాక్యులరూ చూపించదు. బండకో మగది, దాని చుట్టూ తిరిగే ఆడవి అని లెక్క రాసుకుంటూ, పిల్లలన్నీ ఆ మగదానివే అనుకునేదాన్ని. తర్వాత కాలిఫోర్నియాలో ఊటా అనే చిన్న తొండల మీద జరిగిన పరిశోధన గురించి చదివాను. అక్కడ మగవాటిలో మూడు రకాలు. నారింజ గొంతువి పెద్ద జాగా ఆక్రమిస్తాయి, నీలం గొంతువి తమ ఆడదాన్ని వదలకుండా కాపలా కాస్తాయి, పసుపు గొంతువి ఆడవాటిలా కనబడుతూ పరాయి జాగాలో దూరతాయి. పిల్లల డీఎన్‌ఏ చూస్తే, ఒకే విడత గుడ్లకు ఇద్దరు ముగ్గురు తండ్రులున్న సందర్భాలు బోలెడు. ఆడది వీర్యాన్ని దాచుకోగలదు కాబట్టి పసుపు గొంతు మగవి చచ్చిపోయాక కూడా తండ్రులయ్యాయని 2000లో ప్రచురించారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా నోట్‌బుక్‌లో 'తండ్రి' అన్న గడి కొట్టేసి 'పక్కన కనబడిన మగది' అని మార్చాను. మొన్న ఏప్రిల్‌లో మూడో బండ కింద, రంగు పెద్దగా లేని చిన్న మగది రెండుసార్లు కనబడింది. రెండుసార్లూ పెద్దది అటు తిరిగి ఉంది.